పేరు చెప్పిన చిన్నమణి

ఆమె భర్త పేరు తడుముకోకుండా చెప్పింది. దినకర్ ఆమెను పట్టుకున్నది అక్కడే.

మొదటి పోలింగ్ అధికారి జాబితాలో వేలు పెట్టి "చిన్నమణి" అని పైకి చదివాడు. తల ఎత్తకుండానే "భర్త పేరు?" అని అడిగాడు. బల్లకు అవతల నిలబడ్డ ఆడమనిషి గోడ మీద ఒకచోట చూపు నిలిపి, "నాగలింగం" అంది. బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టుగా ఉంది ఆ చెప్పడం.

దినకర్ ఏజెంట్ల బెంచీ మీద నుంచి లేచాడు.

"ఛాలెంజ్ చేస్తా ఉండా. ఈమె చిన్నమణి కాదు. వేరే మనిషి."

సిరా సీసా పట్టుకున్న అధికారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ క్షణం కోసం దినకర్ పొద్దున్నుంచి కాచుకుని ఉన్నాడు. బూత్ తెరవక ముందు, బడి ఎదుట ఉన్న టీ అంగడి దగ్గర, పార్టీ వార్డు కార్యదర్శి రంగనాథన్ అతన్ని పక్కకు పిలిచాడు. తమిళనాడులోని ఈ గుడియాత్తంలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం రంగనాథన్‌ది. మాట నెమ్మది, లెక్క గట్టి.

"దినకరా, వేలూరు నుంచి ఒక వ్యానులో ఆడోళ్ళని దించినారంట. మీ వీధి ఆడోళ్ళంతా కట్టడం పనులకు పోయినారు గదా. వాళ్ళ పేర్ల మీద వీళ్ళు ఓట్లేసి పోతారు. ఒక్కదాన్ని పట్టియ్యి, చాలు. తక్కినోళ్ళు మళ్ళా వ్యాను ఎక్కేస్తారు."

"మొహాలు చూసి చెప్పలేనన్నా. ఆ వీధి వదిలిపెట్టి చానా ఏండ్లయిపోయింది."

"మరి ఎట్లా పట్టేది?"

దినకర్‌కు అప్పటికప్పుడు ఒక ఆలోచన తట్టింది. తట్టినందుకు తనకే ముచ్చటేసింది కూడా.

"మా ఆడోళ్ళు మొగుడి పేరు చెప్పరన్నా. ఎవురన్నా అడిగితే పక్కనుండే మనిషి దిక్కు చూస్తారు. ఆ మనిషి చెప్తాది. మొగుడిదే కాదు, మామది, బావది, ఎవురి పేరూ నోట్లోంచి రాదు. ఈ కాలంలో కూడా అంతే. టక్కున చెప్పిందంటే అది బాడుగ మనిషే. యాడనో బట్టీ పట్టి వచ్చింటాది."

రంగనాథన్ నవ్వాడు. "పోలీసోళ్ళకి కూడా ఇంత బుర్ర ఉండదప్పా. ఈ ఎన్నిక గట్టెక్కనీ. కొత్త మార్కెట్ కట్టడంలో నీకొక భాగం ఇప్పించే పూచీ నాది."

దినకర్ వేలూరులో చిన్న కాంట్రాక్టరు. నాలుగంతస్తుల పని చేతికొస్తే చాలు, నిలదొక్కుకుంటాడు. అతని తాత కౌండిన్య ఏటి ఒడ్డున రాళ్ళు కొట్టాడు, తండ్రి వేలాయుధం మేస్త్రిగా పేరు తెచ్చుకున్నాడు. మోర్ధానా డ్యాము నిండి ఏరు వీధిలోకి వచ్చిన ఏడు, తండ్రి పోయిన మరుసటి ఏడు, దినకర్ తల్లిని తీసుకుని మిట్ట మీద కొత్త ఇంటికి మారిపోయాడు. ఓటు మాత్రం ఈ బూత్‌లోనే ఉండిపోయింది. అందుకే అతను ఇక్కడ ఏజెంటు.

ప్రిసైడింగ్ అధికారి గాయత్రి తన కుర్చీలోంచి లేచి వచ్చింది. వేలూరులో హైస్కూలు టీచరు. తెలుగు రాదు. తమిళంలో నెమ్మదిగా, ప్రతి మాటా అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఛాలెంజ్ చేసే హక్కు మీకుంది. రెండు రూపాయలు కట్టండి. మీ మాట నిలబడకపోతే ఆమె ఓటు వేస్తుంది. నిలబడితే, వేరొకరి పేరు మీద ఓటు వెయ్యడానికి వచ్చిందని రాసి పోలీసుకు అప్పగించాలి. అది జైలు కేసు. తెలిసే అంటున్నారా?"

"తెలిసే అంటా ఉండా మేడం."

దినకర్ నాణెం బల్ల మీద పెట్టాడు. అవతలి పార్టీ ఏజెంటు కార్తికేయన్ బెంచీ చివరి నుంచి గొణిగాడు. "బాగుండాదప్పా. మీ వీధి మనిషిని నువ్వే పట్టిస్తావా? మాకు పని లేకుండా చేసినావే!"

ఆ ఆడమనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఎండకు మాడిన ముఖం, సిమెంటు తిన్న వేళ్ళు. మొక్కు తీర్చుకున్న గుండు మీద జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది, దాన్ని కొంగుతో కప్పుకుంది. జాబితాలో ఉన్న ఫొటో ఇరవై ఏళ్ళ కిందటిది. నల్లగా అచ్చయిన ఆ బొమ్మలో ఒత్తైన జడ, చెవులకు పెద్ద కమ్మలు తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

"ఓటరు కార్డు ఏదమ్మా?" అని అడిగింది గాయత్రి.

"ఏట్లో పోయిందమ్మా. ఇల్లు మునిగినప్పుడు. ఇది ఉండాది." ఆమె రవికలోంచి ఆధార్ కార్డు తీసింది.

గాయత్రి కార్డును వెలుతురు వైపు తిప్పింది. "పేరు చిన్నమణి, సరే. ముఖం కూడా ఈమెదే. చిరునామా వేలూరు, కాట్పాడి రోడ్డు. చిరునామా వేరైతే ఫరవాలేదు, ఆధార్ మనిషిని గుర్తుపట్టడానికే. కానీ జాబితాలో ఉన్న చిన్నమణి, కార్డులో ఉన్న చిన్నమణి ఒకరేనా అన్నది ప్రశ్న. కార్డులో భర్త పేరు లేదు."

"అదే నేను చెప్పేది మేడం" అన్నాడు దినకర్. "ఆ వీధిలోనే ముగ్గురో నలుగురో చిన్నమణులు ఉండారు. వేలూరులో ఇంకెంత మందో. మా వాళ్ళలో భార్య భర్త పేరు పలకదు. ఈమె గడగడా అప్పజెప్పింది. ఎవరో నేర్పించి పంపినారు."

"మా అమ్మమ్మ కూడా పలికేది కాదు. ఇప్పుడెవరు పాటిస్తున్నారండీ అవన్నీ?"

"మా వాళ్ళు పాటిస్తారు మేడం. కావాలంటే బయట వరుసలో ఉన్న మా ఆడోళ్ళని పిలిచి అడగండి."

గాయత్రి తలుపు దగ్గరికి వెళ్ళి, వరుస ముందున్న ఇద్దరు ఆడవాళ్ళను లోపలికి పిలిచింది. ఇద్దరూ ఆ వీధి కోడళ్ళే. ఒకరినొకరు పట్టుకుని వచ్చారు.

"మీ భర్త పేరేమిటమ్మా?" అని మొదటి ఆమెను అడిగింది.

ఆమె నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండో ఆమె వైపు చూసింది. రెండో ఆమె ఆ పేరు చెప్పింది. రెండో ఆమెను అడిగితే మొదటి ఆమె చెప్పింది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. దినకర్ గర్వంగా చేతులు కట్టుకున్నాడు.

"సరే. ఈమె మీకు తెలుసా?"

"తెలీకేం? మా అక్కే" అన్నారు ఇద్దరూ.

"ఎవరి భార్య?"

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"చెప్పండమ్మా. ఈమె భర్త పేరేమిటి?"

మొదటి ఆమె గోడ చూసింది, రెండో ఆమె నేల చూసింది. గాయత్రి ముఖంలో అనుమానం బలపడింది. "అక్క అంటారు, అక్క భర్త పేరు తెలియదా?"

దినకర్‌కు అక్కడ మొదటి చిన్న దెబ్బ తగిలింది. నాగలింగం ఆ వీధిలో పెద్దవాడు. ఈ కోడళ్ళకు బావ వరస. అక్క మొగుడి పేరు వాళ్ళు తెలియక కాదు, పలకకూడదు గనుక పలకడం లేదు. పొద్దున టీ అంగడి దగ్గర రంగనాథన్‌కు ఆ సంగతి తానే చెప్పాడు. నోరు తెరిస్తే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ ఆ ఒక్క మాటతో తన ఛాలెంజూ తేలిపోతుంది.

అతను నోరు తెరవలేదు. పైగా చిన్నమణి వైపు తిరిగి, తెలుగులో గట్టిగా అడిగాడు.

"ఇందాక చెప్పినావు గదా, ఇంకోసారి చెప్పు. నీ మొగుడి పేరేంది?"

ఆమె పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. మగవాళ్ళ వరుసలోంచి ఒకడు లోపలికి తొంగి చూసి "చెప్పమ్మా, భయపడొద్దు, పక్కింటాయన పేరు చెప్పొద్దు" అన్నాడు. నాలుగైదు గొంతులు నవ్వాయి.

ఆమె చెయ్యి కొంగు కిందికి పోయి తాళి పట్టుకుంది. కొంగు అంచు పళ్ళ మధ్య కరుచుకుని, గడ్డం ఛాతీకి ఆనేంత వరకు తల వంచింది. ఆ వంగడం దినకర్‌కు తెలుసు. రేషన్ అంగట్లో, ఆసుపత్రి చీటీ కౌంటరు దగ్గర, బ్యాంకులో, తన తల్లి అచ్చం ఇలాగే వంగి, "నువ్వు చెప్పు నాయనా" అన్నట్టు తన వైపు చూసేది. దీన్ని ఎవరూ బట్టీ పట్టించి పంపలేరు.

ఈమె నాగలింగం భార్యే.

తెలిసిపోయింది. తెలిసీ అతను బెంచీ మీద కూర్చున్నాడు. "చూసినారు గదా మేడం" అన్న మాట అతని నోటి నుంచే వచ్చింది.

గాయత్రి నిట్టూర్చింది. "ఇప్పుడే రాసి పంపను. బూత్‌లు తనిఖీ చేసే సెక్టార్ అధికారి వచ్చేదాకా ఈమెను వరండాలో కూర్చోబెట్టండి. అంతలో ఎవరైనా వచ్చి సాక్ష్యం చెబితే మళ్ళీ విచారిస్తాను."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ ఆమెను బయటికి నడిపించాడు. ఆమె ఎదురు చెప్పలేదు.

ఆ వెంటనే వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. బయటికి వచ్చిన ఇద్దరు కోడళ్ళూ ఓటు వెయ్యకుండా నేరుగా గేటు వైపు నడిచారు.

"యాడికే? ఇంతసేపు నిలబడి?" అంది వరుసలో ఒకామె.

"మొగుడి పేరు చెప్తే దొంగ అంటా ఉండారు. చెప్పకుంటే తెలీదా అంటా ఉండారు. మనకెందుకే ఈ తంటా? వేలూరు బస్సు పట్టుకుందాం పదండి."

ఒకరి వెనక ఒకరు వరుసలోంచి తప్పుకున్నారు. కిటికీలోంచి దినకర్ చూస్తూనే ఉన్నాడు. పని మానుకుని, కూలి పోగొట్టుకుని, ఓటు కోసం వచ్చిన ఆడవాళ్ళు కొంగులు తలల మీదికి లాక్కుని వెళ్ళిపోతున్నారు. ఒక్కరు కూడా వ్యాను వైపు పోలేదు. అక్కడ వ్యానే లేదు.

మధ్యాహ్నం తన బదులు కూర్చునే మారు ఏజెంటు రాగానే దినకర్ బయటపడ్డాడు. గేటు అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. పదిహేడేళ్ళుంటాయి. చేతిలో నీళ్ళ సీసా. అతని చొక్కాకు ఉన్న ఏజెంటు బ్యాడ్జీ చూసి ఎదురొచ్చింది.

"అన్నా, మీరు లోపల ఉండేవాళ్ళు గదా. నా పేరు నివేద. మా అమ్మని వరండాలో కూర్చోబెట్టినారు. నాకు ఓటు లేదని లోపలికి పోనీలేదు. ఈ నీళ్ళన్నా ఇచ్చేస్తారా?"

అతను సీసా తీసుకోలేదు.

"మీ నాయన రాలేదా?"

"నాయన వేలూరులో ఉండాడన్నా. నిన్న స్లాబు వేసినారు. నీళ్ళు కట్టేదానికి ఒకరు ఉండల్ల గదా. నేను ఫోన్ చేసినా, బయల్దేరినాడు. బస్సు యాడుండాదో తెలీదు." ఆమె సీసాను చేతులు మార్చుకుంది. "ఇదంతా నా వల్లే జరిగిందన్నా."

"నీ వల్లనా?"

"పోయిన చలికాలంలో ఓటర్ల లెక్క రాసుకునేదానికి ఇంటికొచ్చినారు. నేను లేను, నాయన లేడు. అమ్మని మొగుడి పేరు అడిగినారంట. అమ్మ చెప్పలేదు. పక్కింటికి తాళం. వివరం దొరకలేదని రాసుకోని పోయినారు. తరువాత నోటీసు వచ్చింది. విచారణలో కూడా అంతే, అడిగితే తల వంచుకోని ఏడ్చింది. నాయన పని వదిలి వచ్చి చెప్పినాక పేరు నిలిచింది. ఏటి గట్టు ఇండ్లకి పట్టా ఇస్తామంటా ఉండారు గదా, ఓటు పోతే ఈ ఊరోళ్ళే కాదంటారేమోనని అమ్మకి ఒకటే భయం."

దినకర్ చూపు గేటు లోపలి వరండా వైపు పోయింది.

"అందుకని నేనే పట్టుబట్టి నేర్పించినా. కట్టే మేడ మీద, ఎవురూ లేనప్పుడు. 'చెప్పుమా, చట్టంలో తప్పు లేదు' అని. నాయన ఇసుక కుప్ప అవతలికి పోయి కూర్చునేవాడు, అమ్మకి సిగ్గని. ముందు పెదాలే కదిలేవి. తరువాత గాలి. ఆఖరికి ఒకరోజు పేరు బయటికొచ్చింది. అమ్మ నోరు కడుక్కోని వచ్చి, ఆ పూట అన్నం తినలేదన్నా. ఈ పొద్దు బస్సులో వచ్చేటప్పుడు కూడా 'గోడ దిక్కు చూసి చెప్పేస్తా పాపా, మనుషుల్ని చూడను' అనింది." నివేద కళ్ళు తుడుచుకుంది. "చెప్పిందంట గదా? బాగా చెప్పిందంట గదా?"

"చెప్పింది" అన్నాడు దినకర్.

"మరి ఎందుకన్నా పట్టుకున్నారు? మనోడేనంట ఎవుడో. పేరు చెప్పిందని పట్టిచ్చినాడంట. ఎట్లాంటి మనిషన్నా వాడు?"

దినకర్ ఆ నీళ్ళ సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల తన ముఖం చూసి కనిపెట్టేస్తే బాగుండునని అనిపించింది. కనిపెట్టలేదు. ఆమె కళ్ళల్లో ఇంకా నమ్మకమే ఉంది. "వస్తా" అని మాత్రం అని అతను టీ అంగడి వైపు నడిచాడు.

రంగనాథన్ అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "రా రా! ఏం దెబ్బ కొట్టినావప్పా! వీధి వీధంతా బస్సెక్కి పోయింది."

"అన్నా, వ్యాను యాడ?"

"ఏ వ్యాను?"

"పొద్దున చెప్పినారే. వేలూరు వ్యాను."

రంగనాథన్ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు పోలేదు, కాస్త సన్నబడింది. "వ్యానో బస్సో, వచ్చినారు గదా వేలూరు నుంచి. వాళ్ళ ఓట్లు మనకు రావు. అది నీకు తెలుసు, నాకు తెలుసు."

"ఆమె నిజమైన మనిషన్నా. నాగలింగం భార్యే."

"ఉండనీ. ఏమైపోతాది? సాయంత్రం ఓటింగ్ ముగిసినాక నువ్వు పోయి పొరబాటు పడినానని చెప్పు. ఇంటికి పంపించేస్తారు. పోయేది ఒక ఓటే గదా." అతను గొంతు తగ్గించాడు. "ఈ ఉపాయం నేను చెప్పింది కాదు, నువ్వు చెప్పిందే. మీ ఆడోళ్ళ సంగతి నాకేం తెలుసు?"

అది నిజం. దినకర్‌కు తప్పించుకునే దారి అక్కడ మూసుకుపోయింది. వ్యాను అబద్ధం రంగనాథన్‌ది. ఆ అబద్ధానికి అమ్మల సిగ్గును పనిముట్టుగా ఇచ్చింది తాను. ఇంట్లో వాళ్ళకు తప్ప తెలియని ఒక అలవాటును, కొత్త మార్కెట్‌లో ఒక భాగం కోసం, టీ అంగడి దగ్గర అమ్మేశాడు.

బడి గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు వినిపించింది. సెక్టార్ అధికారి వచ్చేశాడు.

దినకర్ పరుగెత్తాడు. వెనక నుంచి రంగనాథన్ "యాడికి? ఒరేయ్ దినకరా!" అని అరుస్తున్నాడు.

లోపల గాయత్రి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. సెక్టార్ అధికారి పక్కన నిలబడి చదువుతున్నాడు. కానిస్టేబుల్ అప్పటికే చిన్నమణిని లేపి నిలబెట్టాడు.

"మేడం, ఆపండి. ఛాలెంజ్ వెనక్కి తీసుకుంటా ఉండా."

గాయత్రి తలెత్తింది. "ఎందుకు?"

"ఆమె నిజమైన ఓటరే."

"ఎలా తెలిసింది?"

గదిలో ఓటర్లు, అధికారులు, బెంచీ మీద కార్తికేయన్, తన చోట మారు ఏజెంటు. అందరూ వింటున్నారు. దినకర్ చెప్పాడు. చలికాలం విచారణ సంగతి, కట్టే మేడ మీద నేర్చుకున్న సంగతి. కోడళ్ళు పేరు చెప్పకపోవడానికి కారణం చెప్పాడు. చెబుతున్న కొద్దీ అతని గొంతు తగ్గిపోతూ వచ్చింది. గాయత్రి "గట్టిగా" అంది. అతను గట్టిగా చెప్పాడు.

"బావ పేరు పలకరన్న సంగతి మీకు ఇప్పుడు తెలిసిందా?"

"ముందే తెలుసు మేడం."

"ఆ ఇద్దరినీ నేను అడిగినప్పుడు మీరు ఇక్కడే కూర్చున్నారు."

"అవును."

"మరి ఎందుకు చెప్పలేదు?"

దినకర్ కిటికీలోంచి టీ అంగడి వైపు చూశాడు. గాయత్రి కాగితాన్ని రెండుగా చింపింది. "ఛాలెంజ్ కొట్టేస్తున్నాను. రుసుము జప్తు. ఆమెను లోపలికి పిలవండి."

కార్తికేయన్ వెటకారంగా ఏదో అంటాడని దినకర్ కాచుకున్నాడు. అతను బెంచీ మీద కాస్త పక్కకు జరిగాడు, అంతే. దినకర్ తనకు తగలకుండా జరిగినట్టుంది.

చిన్నమణి లోపలికి రాలేదు.

"నాకొద్దు సామీ" అంటోంది కానిస్టేబుల్‌తో. "నన్ను వదిలేస్తే చాలు. బస్సుకి పోతా. నాకొద్దు ఈ ఓటు."

దినకర్ వరండాలోకి వచ్చాడు. ఆమె స్తంభానికి ఆనుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుని ఉంది. ఏం పిలవాలో అతనికి తెలియలేదు. నాగలింగం తన తండ్రికి తమ్ముడి వరసైతే ఈమె పిన్నమ్మ. ఆ మాట వాడే అర్హత లేదనిపించింది.

"అమ్మా, లోపలికి రండి. మేడం అంతా రద్దు చేసినారు. ఎవురూ ఏమీ అడగరు."

"అందరి ముందర ఆయన పేరు పలికినా. పలికినా గూడా దొంగ అనిపించుకున్నా. ఇంకేం మిగిలుండాది నాయనా నేను లోపలికొచ్చేదానికి?"

అతను వంగి ఆమె కాళ్ళు అందుకోబోయాడు. ఆమె చప్పున వెనక్కి జరిగింది. "లెయ్ లెయ్, జనం చూస్తా ఉండారు. నీకెందుకు ఈ ఖర్మ." తరువాత, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "నువ్వు ఎవురి కొడుకువి?"

"వేలాయుధం మేస్త్రి కొడుకుని."

ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"మోర్ధానా కాలవ కట్టినప్పుడు మా ఇంటాయన ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు" అంది. "పెండ్లయిన కొత్తలో నాకు జొరమొస్తే మీ అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టుకోని చూసింది. నువ్వప్పుడు హాస్టల్లో ఉండావు." ఇంకేదో అనబోయి ఆగింది. తిట్టు వస్తుందని దినకర్ తల వంచుకున్నాడు. వచ్చి ఉంటే అతనికి సులువయ్యేది.

గేటు అవతల నుంచి నివేద గొంతు వినిపించింది. "మా! ఏసిరా మా! ఆ రోజు విచారణలో పడినదంతా ఊరికే పోవల్లా?"

చిన్నమణి కొంగు సర్దుకుంది. మొలిచీ మొలవని జుట్టు కనబడకుండా గట్టిగా చుట్టుకుంది. "పాప కోసం పోతా. మళ్ళా అడిగితే మాత్రం చెప్పను."

లోపల మొదటి అధికారి అలవాటుగా నోరు తెరవబోతే, గాయత్రి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమీ అడగొద్దు. వేలికి సిరా పెట్టండి." చిన్నమణి ఓటు యంత్రం ఉన్న అట్ట మరుగులోకి వెళ్ళింది. బీప్ మనే చప్పుడు వరండాలోకి వినిపించింది.

దినకర్ తన బ్యాడ్జీ విప్పి మారు ఏజెంటుకు ఇచ్చేశాడు. అతను తీసుకుని, "రంగనాథన్ అన్న నిన్ను బయటికి రమ్మన్నాడు. ఆ మార్కెట్ మాట మరిచిపొమ్మన్నాడు" అన్నాడు. దినకర్ తల ఊపాడు. ఆ వార్త అతనికి పెద్దగా తగల్లేదు. తగలకపోవడం చూసి ఇంకా సిగ్గేసింది. ఇంత తేలిగ్గా పోగొట్టుకోగలిగిన దాని కోసమా ఇదంతా!

చిన్నమణి వరండాలోకి వచ్చి, గేటు దాటి పరుగెత్తుకొచ్చిన కూతుర్ని మొదట అడిగింది. "తక్కినోళ్ళు యాడ పాపా?"

"బస్సెక్కినారు మా. ఫోన్ చేసినా. ఊరు దాటి చానా దూరం పోయినారంట. మళ్ళా రామన్నారు."

"అందరూనా?"

"అందరూ."

దినకర్ ముందుకొచ్చాడు. "నేను పోతానమ్మా. బండి ఉండాది. బస్సును ఆపి, ఒక్కొక్కరినీ అడుక్కుంటా. వ్యాను మాట్లాడి తీసుకొస్తా."

నివేద అతని వైపు చూసింది. బ్యాడ్జీ లేని చొక్కా వైపు, తరువాత తల్లి ముఖం వైపు. తల్లిని పట్టించింది ఇతనేనని ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. నీళ్ళ సీసాను రెండు చేతులతో దగ్గరికి తీసుకుని, తల్లికీ అతనికీ మధ్య వచ్చి నిలబడింది. "అన్నా" అని పిలిచిన నోరు మళ్ళీ తెరుచుకోలేదు.

"వాళ్ళు రారు నాయనా" అంది చిన్నమణి. "నువ్వు పోయి పిలిస్తే అసలే రారు."

ఆమె నాలుగడుగులు నడిచి ఆగింది. కూతుర్ని ముందు పొమ్మని చెయ్యి ఊపి, వెనక్కి వచ్చింది. ఎవరికీ వినబడకుండా అంది.

"మీ అమ్మకి ఈ సంగతి చెప్పొద్దు. ఆ వీధి ఆడోళ్ళు గూడా చెప్పకుండా నేను చూసుకుంటా. పెద్ద ప్రాణం, ఓర్చుకోలేదు."

ఆమె గేటు దాటి, కూతురి వెంట, నాగలింగం వచ్చి దిగే బస్సు స్టాండు వైపు నడిచింది. దినకర్ వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. మగవాళ్ళ వరుస అతన్ని దాటుకుని లోపలికి కదులుతోంది. కొందరు పరిచయం ఉన్నవాళ్ళు పలకరించారు. అతను ఎవరికీ ముఖం చూపలేదు.